చార్మినార్, లాడ్ బజార్ చూడ్డానికి వస్తున్నారా? భద్రత గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

"చార్మినార్‌కా? పాతబస్తీ కదా, జాగ్రత్త" అని బయల్దేరేముందు ఇంట్లో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆ జాగ్రత్త దేని గురించో మాత్రం ఎవరూ చెప్పరు. నయాపూల్ దాటాక మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్, చార్మినార్, గాజులకి పేరున్న లాడ్ బజార్, మక్కా మసీదు, చౌమహల్లా ప్యాలెస్ మీదుగా శాలిబండ దాకా ఉన్న మేరకే ఈ పేజీ. మొదటిసారి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ పెట్టాం.

అసలు పాతబస్తీ సేఫేనా?

సేఫే. గొడవలు, కర్ఫ్యూలు చూసిన వెనకటి తరం భయం కొన్ని ఇళ్లలో ఇంకా మిగిలి ఉంది, అంతే. ఏ సాయంత్రమైనా లాడ్ బజార్‌లో నిలబడి చూడండి. పెళ్లి షాపింగ్‌కి వచ్చిన కుటుంబాలు, కాలేజీ పిల్లలు, రీల్స్ తీసుకునే జంటలు, జిల్లాల నుంచి బస్సు మాట్లాడుకుని వచ్చిన స్కూలు పిల్లలే కనిపిస్తారు.

ఇక్కడ టూరిస్టులకి ఎదురయ్యేవి చాలావరకు చిన్నవి, చిరాకు పెట్టేవి. జేబులో ఫోన్ మాయమవడం, వెనక నుంచి బైకు తగలడం, మెట్ల మీద కాలు జారడం, పిల్లాడు చెయ్యి వదిలించుకుని జనంలో కలిసిపోవడం, రెండొందల వస్తువుకి ఎనిమిదొందలు పెట్టి రావడం. వీటిలో సగం మీరు ఏ రోజు, ఏ టైమ్‌కి వచ్చారన్నదాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ రోజు రావడం మంచిది?

కొత్తవాళ్లకి శుక్రవారం వద్దనే చెబుతాం. మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజుకి వేలల్లో జనం వస్తారు, ఆ కాసేపు చుట్టుపక్కల రోడ్ల మీద ట్రాఫిక్ ఆపేస్తారు. దానికితోడు చౌమహల్లా ప్యాలెస్‌కి, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారమే సెలవు. ఊరి నుంచి ఒక్క రోజు కోసం వచ్చి, మూసిన గేటు ముందు ఫొటో దిగి వెళ్లేవాళ్లు ప్రతి వారం ఉంటారు.

ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి కానీ సాయంత్రానికి కాలు పెట్టే చోటు ఉండదు. చిన్నపిల్లలతోనో, పెద్దవాళ్లతోనో వస్తుంటే సోమవారం నుంచి గురువారం మధ్యలో ఏదో ఒక రోజు పెట్టుకోండి. పొద్దున చార్మినార్ తెరిచే వేళకే పైకి ఎక్కేసి, తర్వాత చౌమహల్లా చూసుకుని, మధ్యాహ్నం దాటాక లాడ్ బజార్‌కి వెళ్తే హాయిగా ఉంటుంది. గాజుల దుకాణాలు పొద్దున పదకొండు దాకా పూర్తిగా తెరుచుకోవు కాబట్టి తొందరపడినా లాభం లేదు. చార్మినార్ పైకి వెళ్లాలంటే సాయంత్రం ఐదున్నరకి మూసేస్తారన్నది గుర్తుంచుకోండి.

పండగ రోజుల్లో రావచ్చా?

పండగ చూడ్డానికైతే తప్పకుండా రండి. షాపింగ్ కోసమైతే ఇంకో రోజు చూసుకోండి. వినాయక నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి బయల్దేరే ప్రధాన శోభాయాత్ర చార్మినార్, మదీనా, అఫ్జల్‌గంజ్ మీదుగానే హుస్సేన్‌సాగర్‌కి వెళ్తుంది. మొహర్రం పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద ఆలం (కర్బలా అమరుల గుర్తుగా పట్టే ధ్వజం) ఊరేగింపు చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ వైపు సాగుతుంది. లాల్‌దర్వాజా బోనాల ఊరేగింపు, మిలాద్ ఉన్ నబీ ర్యాలీ కూడా ఈ దారులే పడతాయి. ఆ రోజుల్లో బండ్లు ఎక్కడికక్కడ మళ్లిస్తారు, దుకాణాలు చాలావరకు మూసేస్తారు, ఎక్కడ చూసినా పోలీసులే ఉంటారు.

బయల్దేరేముందు హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల సోషల్ మీడియా ఖాతా ఒకసారి చూడండి. ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో అందులో పెడతారు. ఊరేగింపులో పడితే ఎదురు నడవకండి. జనంతోపాటే కొంత దూరం నడిచి పక్క గల్లీలోకి తప్పుకోండి. వాట్సాప్‌లో తిరిగే పాత గొడవల వీడియోలు చూసి టెన్షన్ పడొద్దు, ఇంకొకరికి పంపొద్దు.

ఎలా చేరుకోవాలి? కారులో రావచ్చా?

కారు వద్దు. చార్మినార్ చుట్టూ వాహనాలు నిషేధించి రాళ్లు పరిచారు. పార్కింగ్ వెతుక్కుంటూ గల్లీల్లో తిరగడానికే గంట పోతుంది. పైగా పాతబస్తీ మెట్రో పనుల వల్ల కొన్ని రోడ్లు మరీ ఇరుకైపోయాయి. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగితే అక్కడి నుంచి చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు. ఆటో ఎక్కొచ్చు. నడవగలిగితే నయాపూల్ వంతెన దాటి మదీనా, పత్తర్‌గట్టి మీదుగా తిన్నగా వెళ్లండి. దారి తప్పే ప్రసక్తే లేదు, కమాన్లు ఒక్కొక్కటిగా దాటుతుంటే చివర్న చార్మినార్ కనబడుతూనే ఉంటుంది.

ఆటో ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. "చార్మినార్ దాకా" అని ఊరుకోకుండా ఎక్కడ దించుతాడో కూడా అడగండి, లేకపోతే మదీనా దగ్గరే దించేసి "ఇదే అన్నా" అంటాడు. తిరుగు ప్రయాణంలో చార్మినార్ కింద నిలబడి క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ రాలేడు, క్యాన్సిల్ చేస్తాడు. మదీనా వైపుకో, శాలిబండ వైపుకో పది నిమిషాలు నడిచి అక్కడి నుంచి బుక్ చేయండి.

సిటీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం తెలంగాణ వాసులకే, గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు టికెట్ తీసుకోండి, కండక్టర్‌తో వాదన ఎందుకు?

వాహనాలు లేవన్నారు కదా, మరి బైకులెక్కడివి?

నిషేధం ఉంది, బైకులూ ఉన్నాయి. తోపుడు బండ్లు, సరుకు ట్రాలీలు కూడా జనం మధ్యలోంచే దూరిపోతాయి. చార్మినార్ ఫొటో తీస్తూ వెనక్కి వెనక్కి అడుగులేసేవాళ్లకే ఎక్కువ తగులుతుంటాయి. తలెత్తి చూడాలనుకుంటే ముందు ఆగండి.

ఫోన్, పర్సు ఎలా కాపాడుకోవాలి?

జేబుదొంగలకి కావలసింది తోపులాట. బస్సు ఎక్కే మెట్టు, లాడ్ బజార్ మొదట్లో ఇరుకైన చోటు, రంజాన్ రాత్రుల్లో హలీం కౌంటర్ ముందు గుంపు, ఇవే వాళ్ల అడ్డాలు. చొక్కా పై జేబులో ఫోన్ పెట్టుకుని వంగి గాజులు చూడ్డం కంటే వాళ్లకి పని సులువు చేసే మార్గం ఇంకోటి లేదు. ఫోన్ ప్యాంటు ముందు జేబులో ఉండాలి. బ్యాగు ముందుకి వేసుకోవాలి, జిప్పు మీ కడుపు వైపుకి ఉండాలి. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగుల్లో పైన తెరిచి ఉండే రకం ఇక్కడికి అస్సలు పనికిరాదు.

మీ మీద ఎవరైనా ఏదైనా ఒలకబోసి "అయ్యో సారీ" అంటూ తుడవడానికి వస్తే, చేత్తో ముందు పర్సు పట్టుకోండి, చొక్కా తర్వాత తుడుచుకోవచ్చు. బంగారం ఇంట్లో పెట్టి రండి. పెళ్లి షాపింగ్‌కి పాత నగ నమూనా చూపించాలంటే ఫొటో చాలు.

ఫోన్ పోయింది, ఇప్పుడేం చేయాలి?

ముందు పక్కవాళ్ల ఫోన్ నుంచి సిమ్ బ్లాక్ చేయించండి, ఓటీపీలన్నీ దానికే కదా వచ్చేవి. తర్వాత బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ ఆపించండి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలోని సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్ బ్లాక్ చేయించాలి. దానికి ఐఎంఈఐ నంబర్, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్ కావాలి. ఇంటి దగ్గరే స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టి వచ్చే ఆ నంబర్ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫోన్ పోయాక అది ఫోన్‌లోనే ఉందంటే ఏం లాభం? సీఈఐఆర్ ద్వారా దొరికిన ఫోన్లని తెలంగాణ పోలీసులు యజమానులకి అప్పగిస్తూనే ఉంటారు, కాబట్టి "ఎలాగూ దొరకదులే" అని ఊరుకోకండి.

ఇదే కారణంగా రోడ్డు మీద ఎవరైనా "కొత్త ఐఫోన్, అర్జెంటు, పదివేలే" అని మెల్లగా చెవిలో చెబితే ఆగకుండా నడవండి. అది దొంగదైనా అయ్యుండాలి, డబ్బాలో సబ్బు ముక్కైనా అయ్యుండాలి.

జనంలో విడిపోతే ఎక్కడ కలుసుకోవాలి?

చాలామంది "చార్మినార్ కింద కలుద్దాం" అనుకుంటారు. చార్మినార్ నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది, కింద నాలుగు కమాన్లూ ఒకటే. "గడియారం కింద ఉంటా" అన్నా కుదరదు, 1889లో పెట్టిన గడియారాలు నాలుగు వైపులా ఉన్నాయి. మీరు ఒక గడియారం కింద, మీవాళ్లు ఇంకో గడియారం కింద అరగంట నిలబడి ఒకరినొకరు తిట్టుకుంటారు.

ఒక్కటే ఉన్న చోటు చెప్పుకోండి. మక్కా మసీదు గేటు, యునానీ ఆసుపత్రి గేటు, గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, ఏదో ఒకటి. రద్దీ రాత్రుల్లో సిగ్నల్ కూడా సరిగ్గా ఉండదు కాబట్టి దిగగానే, ఫోన్లు పనిచేస్తుండగానే ఈ మాట అనుకోవాలి.

పిల్లల చొక్కా జేబులో మీ నంబర్ రాసిన చీటీ పెట్టండి, ముంజేతి మీద పెన్నుతో రాసినా సరే. ఆ రోజు వాళ్లు వేసుకున్న బట్టలతో పొద్దున్నే ఒక ఫొటో తీసి ఉంచుకోండి. పోలీసు "ఏ రంగు చొక్కా?" అనగానే తల్లిదండ్రులకి ఒక్క రంగూ గుర్తురాదు. తప్పిపోయారని తెలియగానే మీరే వెతుకుతూ కూర్చోకుండా దగ్గర్లో డ్యూటీలో ఉన్న పోలీసుకి చెప్పి, 100 లేదా 112కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

చార్మినార్ పైకి ఎక్కడం ప్రమాదమా?

ప్రమాదమని కాదు, అందరికీ కాదు. మెట్లు మీనార్ లోపల మెలికలు తిరుగుతూ వెళ్తాయి. ఇరుకు, వెలుతురు తక్కువ, ఒక్కో మెట్టూ మామూలు మెట్టు కంటే ఎత్తు. 1591 నుంచి ఎక్కిన పాదాలకి అంచులు నున్నగా అరిగిపోయాయి. చీర కుచ్చిళ్లు, నేలని తాకే దుపట్టాలు కాళ్లకి అడ్డుపడతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు కిందే ఆగడం మంచిది. చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎక్కితే ఒక చెయ్యి గోడ మీదే ఉండాలి, అంటే ఫోన్ జేబులో ఉండాలి. మధ్యలో ఆగి సెల్ఫీ దిగితే వెనక ఇరవై మంది ఆగిపోతారు.

వాన కురుస్తున్నప్పుడు మీనార్ల అడుగున నిలబడకండి. 2019 మేలో ఒక మీనార్ నుంచి గచ్చు పెళ్ల ఊడి కింద పడింది. ఆ సమయంలో కింద ఎవరూ లేకపోవడం అదృష్టం.

ఆడవాళ్లు ఒంటరిగా రావచ్చా?

రావచ్చు. లాడ్ బజార్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. "అక్కా రండి, చూడ్డానికి డబ్బుల్లేవు" అని దుకాణం కుర్రాళ్లు పిలుస్తారు, అది వ్యాపారం. ఇష్టం లేకపోతే నవ్వి ముందుకెళ్లిపోండి, వెంటపడరు. ఇబ్బందంతా జనంలో కావాలని తగిలే మగవాళ్లతోనే. మొహమాటపడకుండా గట్టిగా అరవండి. ఇక్కడ దుకాణదారులకి బేరం ముఖ్యం, తమ కొట్టు ముందు అలాంటిది జరగనివ్వరు, నలుగురూ మీ వైపే నిలబడతారు. 2014 నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్ పోలీసులు మఫ్టీలో రద్దీ చోట్ల తిరుగుతుంటారు, 100కి కాల్ చేస్తే చాలు. మహిళల హెల్ప్‌లైన్ 181.

రాత్రి తొమ్మిది దాటాక మెయిన్ రోడ్డు వదిలి గల్లీల్లోకి "షార్ట్‌కట్" అని వెళ్లొద్దు. ఆ గల్లీలు మామూలు ఇళ్లే, కానీ మ్యాప్ ఒక్కోసారి ఎవరి ఇంటి వాకిట్లోకో తీసుకెళ్లి వదిలేస్తుంది.

గాజులు, ముత్యాల్లో మోసపోకుండా ఎలా?

ఆటోవాలా "మా వాడి షాపు, నిజాం కాలం నాటిది" అని తీసుకెళ్తే ఆయన కమీషన్ మీ బిల్లులోనే ఉంటుంది. ముత్యాలు హైదరాబాద్‌లో పుట్టవు. బయటి దేశాల నుంచి వస్తాయి, ఇక్కడ రంధ్రాలు వేసి, వన్నె చూసి ఏరి, హారాలు గుచ్చుతారు. గల్ఫ్ సముద్రంలో సహజంగా దొరికే బస్రా ముత్యాలు చాలా అరుదు, ఖరీదు. అందుకే ఎవరైనా "అసలైన బస్రా ముత్యాలు, మీకోసం రెండు వేలు" అంటే నవ్వి వచ్చేయండి. ముత్యాన్ని ముందు పంటి మీద మెల్లగా రుద్దితే సన్నని ఇసుకలా గరగరలాడాలి. జారిపోతే గాజో, ప్లాస్టిక్కో. బిల్లు, తిరిగి తీసుకునే హామీ రాసివ్వమనండి. గుల్జార్ హౌజ్ వైపు బంగారం కొంటే హాల్‌మార్క్ పక్కన అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకీ ఇచ్చే గుర్తింపు కోడ్) ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి.

లక్క గాజుల సంగతి వేరు. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు వస్తువని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. కొన్ని కొట్ల ముందు కారిగర్లు వేడి మీద లక్క మెత్తబరిచి కంకణంగా చుట్టి, పట్టకారుతో ఒక్కో రాయీ అద్దుతూ కనిపిస్తారు. ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. పిల్లల చేతులు మాత్రం ఆ వేడికి దూరంగా పట్టుకోండి. కొనేటప్పుడు గోటితో రాళ్ల మీద ఒకసారి గీయండి, కదిలే రాయి ఇంటికి చేరేలోపు ఊడిపోతుంది. మీ సైజు టూ ఫోరా, టూ సిక్సా ముందే తెలుసుకుని వస్తే బేరం కూడా మీ చేతిలో ఉంటుంది. చెప్పిన రేటులో సగం నుంచి మొదలుపెట్టడం ఇక్కడ ఎవరికీ అవమానం కాదు. వద్దనుకున్నాక బేరమాడొద్దు, అతను ఒప్పుకున్నాక వెళ్లిపోతే మాట పడాల్సి వస్తుంది. కొన్న గాజుల్ని ఎండలో ఆగిన కారులో వదిలేయకండి, లక్క వేడికి వంగుతుంది.

యూపీఐ వాడొచ్చా?

వాడండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక వచ్చిన పేరు చదివి వినిపించి, "మీదేనా భాయ్?" అని అడగండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "రీఫండ్ వేస్తా, పిన్ కొట్టండి" అంటే ఆ మనిషి మీ డబ్బు లాగుతున్నాడని అర్థం. సిగ్నల్ మొరాయించే చోట పనికొచ్చేలా కొంత చిల్లర దగ్గరుంచుకోండి.

మసీదు, గుడి దగ్గర ఏం పాటించాలి?

మక్కా మసీదులోకి నమాజు వేళలు తప్పించి వెళ్లండి. మోకాళ్లు కనిపించే బట్టలు వద్దు, ఆడవాళ్లు తలమీద దుపట్టా వేసుకోవాలి, చెప్పులు బయటే. 2007 మే 18 నాటి పేలుడు తర్వాత ఇక్కడ తనిఖీలు గట్టిగా ఉంటాయి, పెద్ద బ్యాగులతో వెళ్తే లేటవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆ ప్రాంగణం రాళ్ల మీద ఉత్తకాళ్లతో నడిస్తే బొబ్బలెక్కుతాయి, జత సాక్సులు తెచ్చుకోండి.

చార్మినార్‌ని ఆనుకుని భాగ్యలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. గుడి, మసీదు గురించిన వాదనలు అక్కడ నిలబడి గట్టిగా మాట్లాడుకోవద్దు, కెమెరా ముందు అసలే వద్దు. దండం పెట్టుకునేవాళ్లనీ, నమాజు చేసుకునేవాళ్లనీ అడక్కుండా ఫొటో తీయకండి. బ్యాగు ఎక్కడా వదిలి కదలకండి, ఐదు నిమిషాల్లో దాని చుట్టూ పోలీసులుంటారు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే కేసు తప్పదు.

ఏం తినొచ్చు?

కళ్లెదుట పొగలు కక్కేది ఏదైనా. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టుతో ఎవరి కడుపూ పాడైనట్టు వినలేదు. పొద్దున్నే గుల్జార్ హౌజ్ వైపు దోశ బండ్లు దొరుకుతాయి, శాకాహారులకి అదే పెద్ద దిక్కు. కోసిపెట్టిన పండ్లు, ఐస్ వేసిన షర్బత్‌లు, మూత తీసి ఉన్న మలాయి వద్దు. నీళ్ల సీసా సీలు చూసి కొనండి.

టాయిలెట్లు ఉంటాయా?

చౌమహల్లాలో, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నప్పుడే పని ముగించుకోండి. బజారులో పడ్డాక వెతుక్కోవడం కష్టం, ముఖ్యంగా ఆడవాళ్లకి.

రంజాన్ నెలలో రాత్రిపూట రావాలనుంది. ఫర్వాలేదా?

తప్పకుండా రండి, పాతబస్తీ అసలు అందం అప్పుడే. దుకాణాలు సహరీ (ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం) దాకా తెరిచే ఉంటాయి, హలీం బట్టీల దగ్గర క్యూలు రోడ్డెక్కుతాయి. నెల మొదటి రెండు వారాల్లో మామూలు రోజున వస్తే తిరగడానికి వీలుంటుంది. చివరి వారం, ముఖ్యంగా చివరి శుక్రవారం, పండగ ముందు రాత్రి కొత్తవాళ్లకీ పిల్లలకీ కాదు. జనం నెట్టుకుంటూ వెళ్తారు, మీ కాళ్లు మీ మాట వినవు. గుంపు బిగుసుకుంటోందనిపిస్తే రెండు చేతులూ గుండెల ముందు మడిచి పెట్టుకుని, ఎదురు తోయకుండా ఏటవాలుగా పక్కకి జరగండి. కింద పడిన చెప్పు కోసం వంగకండి. మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోతుంది, తిరుగు బండి సంగతి ముందే చూసుకోండి.

వానాకాలంలో?

గట్టి వాన పడితే నీళ్లు నిలిచిన చోట నడవకండి, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు. కరెంటు స్తంభాలు ముట్టుకోకండి. పైన గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారంటే మూసీ ఒడ్డున ప్రయాణం చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ చివర్లో ఎంజీబీఎస్ ప్రాంగణంలోకే నీళ్లొచ్చాయి.

దగ్గర్లో లాడ్జిలో దిగొచ్చా?

అఫ్జల్‌గంజ్, నయాపూల్ వైపు తక్కువ ధర లాడ్జిలు చాలా ఉన్నాయి. గది చూసేముందు మెట్లు చూడండి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. పిల్లలతో సహా లోపలున్నవాళ్లు బయటపడలేకపోయారు, దారి అంత ఇరుకు. రెండో మెట్ల దారి లేని చోట, కిటికీలకి గట్టి ఇనుప గ్రిల్ బిగించిన చోట, మెట్ల కిందే బైకులు, గ్యాస్ సిలిండర్లు పెట్టిన చోట ఐదొందలు ఆదా అయినా దిగొద్దు. అగ్నిమాపక శాఖ నంబర్ 101, అంబులెన్స్ 108. ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది.

ఉర్దూ రాదు, ఇబ్బంది పడతామా?

పడరు. లాడ్ బజార్‌లో సగం బేరాలు తెలుగులోనే నడుస్తాయి. "భాయ్", "చాచా" అని పిలిస్తే సంతోషిస్తారు.

నడవలేని పెద్దవాళ్లని తీసుకురావచ్చా?

తీసుకురండి, కానీ రోజంతా తిప్పకండి. పరిచిన రాళ్లు ఎగుడుదిగుడుగా ఉండి చక్రాల కుర్చీ కుదుపుతుంది. చార్మినార్ కింద నుంచి చూపించి, చౌమహల్లాకి ఆటోలో తీసుకెళ్లండి. అక్కడ తోటలో, ఫౌంటెన్ పక్కన నీడలో కూర్చోబెడితే చల్లగా ఉంటుంది. ఒకరు వాళ్లకి తోడుగా ఉంటే మిగతావాళ్లు లాడ్ బజార్‌కి వెళ్లిరావచ్చు. ప్యాలెస్ ఐదింటికి మూసేస్తారు కాబట్టి మూడింటికల్లా బయల్దేరండి, గాజుల బేరం ఎలాగూ గంటలో తెమలదు.